డకార్‌కు వెళ్లే పిల్లలను పాత పతకాల లెక్కతో కొలవవద్దు

సంపాదకులు గారికి నమస్కారములు.

2026 అక్టోబరు 31 నుంచి నవంబరు 13 వరకు సెనెగల్ రాజధాని డకార్‌లో జరగవలసిన యువ ఒలింపిక్ క్రీడల ప్రస్తావన వస్తే చాలు, 2018లో బ్యూనస్ ఎయిర్స్‌లో మన జట్టు తెచ్చిన 13 పతకాల లెక్క ముందుకు వస్తుంది. మూడు స్వర్ణాలు, తొమ్మిది రజతాలు, ఒక కాంస్యం నిజంగానే గర్వించదగిన పంట. అయితే ఆ స్వర్ణాలలో రెండు మను భాకర్, సౌరభ్ చౌధరి ఎయిర్ పిస్టల్‌లో గెలిచినవి, మూడోది మిజోరం కుర్రవాడు జెరెమీ లాల్‌రిన్నుంగా 62 కిలోల విభాగంలో 274 కిలోలు ఎత్తి సాధించినది. షూటింగ్, వెయిట్ లిఫ్టింగ్, హాకీ కలిపితే 13లో ఏడు పతకాలు అక్కడివే. డకార్‌లో ఈ మూడింటికీ పతక పోటీలు లేవు. వాటిని ప్రదర్శన, పరిచయ కార్యక్రమాలకే పరిమితం చేశారు. కనుక ఈసారి లెక్క తగ్గితే ఆ తప్పు పిల్లలది కాదని ముందుగానే పాఠకులకు చెప్పవలసిన బాధ్యత పత్రికలపై ఉంది.

ఈ క్రీడలు అసలు 2022లోనే జరగవలసినవి. కరోనా కాలంలో, 2020 జులైలో, వాటిని నాలుగేళ్లు వెనక్కి జరిపారు. పద్దెనిమిది నిండని వారికే పరిమితమైన పోటీలలో నాలుగేళ్లంటే ఒక తరం పిల్లలకు తలుపు పూర్తిగా మూసుకుపోవడమే. అప్పట్లో మా ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి, మేము ఏటి ఇసుక తెచ్చి నింపిన గుంటలో చెప్పులు లేకుండా లాంగ్ జంప్ సాధన చేసేది. బడులు తెరిచాక ఈ సంగతి చెబితే, వేళ్లమీద లెక్కపెట్టుకుని, ‘‘అప్పటికి నాకు ఇరవై ఏళ్లు వస్తాయి కదండీ మాస్టారూ’’ అని, మడమకు అంటిన ఇసుక దులుపుకుంటూ నిలబడిపోయింది. ఆమె జాతీయ జట్టుకు ఎంపికయ్యేదని నేను అనను. ప్రయత్నించే వీలు కూడా లేకపోయిందన్నదే నా బాధ.

పతకాల పట్టికలో కిందనున్న జట్టును చిన్నచూపు చూడకూడదనడానికి మా జిల్లాలోనే నిదర్శనం ఉంది. 2014లో చైనాలోని నాన్జింగ్‌లో జరిగిన యువ ఒలింపిక్ క్రీడల్లో భారత్‌కు దక్కినవి రెండే పతకాలు. అందులో రజతం స్టువర్టుపురం బిడ్డ, హకీంపేట క్రీడా పాఠశాలలో తర్ఫీదు పొందిన వెయిట్ లిఫ్టర్ రాగాల వెంకట్ రాహుల్‌ది. ఆంగ్లేయుల పాలనలో నేరస్థుల ముద్ర మోసిన ఊరి నుంచి వెళ్లిన ఆ యువకుడే 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 338 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. మను భాకర్ టోక్యో ఒలింపిక్స్‌లో పిస్టల్ మొరాయించి ఉత్త చేతులతో తిరిగివచ్చి, 2024లో పారిస్‌లో రెండు కాంస్యాలు గెలిచింది. బ్యూనస్ ఎయిర్స్‌లో బాలికల హాకీ జట్టును నడిపిన సలీమా టేటే తరువాత సీనియర్ జట్టుకే కెప్టెన్ అయింది. ఈ వయసులో చూడవలసింది పతకంతోపాటు, ఆ పిల్ల మరో నాలుగేళ్లకు కూడా మైదానంలో ఉండేటట్టు తిండి, చదువు, శిక్షణ అందుతున్నాయా లేదా అన్నది.

మీ పత్రికకు నా విన్నపాలు రెండు. జట్టు బయలుదేరేముందే క్రీడాకారులందరి పేర్లు, ఊర్లు ప్రచురించండి. తొలి రౌండులోనే ఓడిన వారి గురించి కూడా నాలుగు వాక్యాలు రాయండి. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి. ఎంపిక పోటీల కబురు ప్రభుత్వ పాఠశాలకు చేరేసరికి గడువు దాటిపోయిన సందర్భాలు నా సర్వీసులో ఒకటి కాదు. ఆ తేదీలను జిల్లా పేజీలో, కాస్త పెద్ద అక్షరాలతో, నెల ముందు వేయండి. అది చూసి పిల్లలను వెంటబెట్టుకుని బస్సెక్కే మాస్టార్లు మా జిల్లాలో ఇంకా ఉన్నారు.

– ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, బాపట్ల జిల్లా