స్వరాజ్ ద్వీప్ వెళ్లేవారికి కెమెరా కబురు

అందరికీ నమస్కారం. వచ్చే వారం అండమాన్‌లో నీటిలోకి దిగే ముందు కొన్ని మాటలు. పోయినసారి నా ఫొటోలన్నీ నీలిమందులో ముంచి తీసినట్టు వచ్చాయి. తప్పు కెమెరాది కాదు. నీరు అన్నిటికంటే ముందు ఎరుపును మింగేస్తుంది. 10 మీటర్ల లోతున ఎర్రచేప కూడా బూడిద రంగులో కనిపిస్తుంది. కాబట్టి ఫ్లాష్ తప్పదు. కానీ దాన్ని లెన్సు పక్కనే బిగిస్తే నీటిలోని నలుసులన్నీ మెరిసి, ఫొటో మీద పిండి చల్లినట్టు ఉంటుంది. దాన్ని లెన్సుకు దూరంగా పక్కకు జరపండి. జూమ్ జోలికి పోకుండా మీరే నెమ్మదిగా దగ్గరికి వెళ్లండి. క్లౌన్ చేప (నారింజ రంగు మీద తెల్ల చారలుండే చిన్న చేప) పారిపోతుందన్న భయం అక్కరలేదు, తన ఇల్లు కాపాడుకోవడానికి అదే మీ ముఖం మీదికి వస్తుంది!

పగడాన్ని ఆసరాగా పట్టుకోవద్దు. బండరాయిలా ఉన్నా అది ప్రాణి, గుండ్రాయి లాంటి రకాలైతే ఏడాదికి సెంటీమీటరు పెరగడమే గొప్ప. విరిగిన ముక్క దొరికినా సంచిలో వేసుకోవద్దు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

నీటిలో కెమెరా తడవకుండా దాన్ని ఉంచే పెట్టె రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీరు లోపలికి వస్తుంది. ముందురోజు రాత్రి ఖాళీ పెట్టెను బకెట్‌లో ముంచి చూడండి. తొలిసారి దిగేవాళ్లు మాత్రం దయచేసి కెమెరా తేవద్దు.