లాగ్‌బుక్ నిండితే చేయి తిరిగినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

సర్జరీ నేర్చుకునే పిల్లలు ఇన్ని ఆపరేషన్లు చేశారు, అన్ని చేశారు అంటూ పది రోజుల కిందట మీరు వేసిన వార్త చదివి ఊరుకుందామనుకున్నాను. మనసొప్పలేదు. ముప్పై ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో డాక్టర్ల చేతికి కత్తెరలు అందించిన నర్సుని. ఎవరి చేయి ఎప్పుడు కుదిరిందో మాకు తెలిసినంతగా ఆ లెక్కలు కట్టేవాళ్లకు తెలియదు. మమ్మల్ని ఎవరూ అడగరు, అది వేరే సంగతి.

ఈ పిల్లలు తాము పాల్గొన్న ఆపరేషన్లు రాసుకునే లాగ్‌బుక్‌లో ‘చేశాను’ అంటే ఏమిటో మీ విలేకరి అడగాల్సింది. కోత అంచుల్ని పక్కకు లాగి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని మూడు గంటలు నిలబడ్డా ఒక కేసే, చివర్లో చర్మానికి నాలుగు కుట్లు వేసినా ఒక కేసే. నేను పనిచేసిన ఒకచోట పరీక్షలకు వారం ముందు ఒక పెద్ద డాక్టరుగారు ఫోన్ మాట్లాడుతూనే ఆరు నెలల లాగ్‌బుక్ పేజీలకు సంతకాలు పెట్టేశారు. ఒక్క పేజీ చదివితే ఒట్టు.

మొదట్లో కుర్రాడు సూదిని రెండు మూడుసార్లు సర్దుకుంటే గానీ పట్టు దొరకదు. ముడి వేస్తూ దారం గుంజేస్తాడు, పట్టుకున్న కండ కాస్తా చిరుగుతుంది. ఏం కావాలో నోట రాక గాల్లో వేళ్లు ఆడిస్తాడు. ఏడాది పోయాక అదే కుర్రాడు నా వైపు చూడకుండానే చేయి చాపుతాడు, తర్వాత ఏది కావాలో ముందే చెబుతాడు. ఇది ఏ పేజీలో రాశారండీ?

రాసే పద్ధతి లేకనా? 1990లలోనే టొరంటోలో ఓసాట్స్ అని ఒకటి తయారుచేశారు. కండను ఎంత సుతారంగా ముట్టుకున్నాడు, వృథా కదలికలు ఎన్ని, సహాయకులను ఎలా వాడుకున్నాడు, ఇలా ఏడు అంశాలకు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు. ఫ్యాక్టరీల్లో సరుకు నాణ్యత కోసం 1950లలో పుట్టిన క్యూసమ్ గీత కూడా ఉంది. కేసు సవ్యంగా జరిగితే గీత దిగుతుంది, తేడా వస్తే ఎక్కుతుంది. ఒకరిది తొందరగా దారిలో పడుతుంది, ఒకరిది ఆలస్యంగా. అందరికీ ఒకే నంబరు పెట్టి ‘పాస్’ అనడం ఏం న్యాయం? అయితే కష్టమైన కేసు తీసుకున్నవాడి గీత ఎక్కిందని చీవాట్లు పెడితే, రేపటి నుంచి అందరూ తేలిక కేసులే వెతుక్కుంటారు. అదీ చూసుకోవాలి.

చేతి పనికీ రోగి క్షేమానికీ సంబంధం ఉందా అనేవాళ్లకు ఒక మాట. అమెరికాలోని మిషిగన్‌లో 20 మంది అనుభవజ్ఞులైన సర్జన్ల ఆపరేషన్ వీడియోలకు, పేర్లు చెప్పకుండా, తోటి సర్జన్లతోనే మార్కులు వేయించారు. అడుగున ఉన్నవాళ్ల రోగుల్లో 14.5 శాతం మందికి ఇబ్బందులొచ్చాయి, పైన ఉన్నవాళ్ల రోగుల్లో 5.2 శాతం మందికే. 2013లో అచ్చయింది. చదివే తీరిక ఎవరికుంది?

అధికారులకు కావలసింది ఫారంలో నింపడానికి ఒక అంకె. తనిఖీ రోజున, రోగి లేకుండా ఆపరేషన్ సాధన చేసే సిమ్యులేటర్ యంత్రం మీద ప్లాస్టిక్ కవర్ తీసి తుడుస్తారు, సాయంత్రానికి మళ్లీ కప్పేసి తాళం వేస్తారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో రెండేళ్లు వెతికిన పిల్లలున్నారు.

ఈసారి ఇలాంటి వార్త రాసేముందు మీ విలేకరిని ఒక పూట థియేటర్లో ఓ మూల నిలబెట్టండి. టోపీ, మాస్కు వాళ్లే ఇస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ థియేటర్ నర్సు