చలానా కట్టినంత మాత్రాన సస్పెన్షన్ పోదు

సంపాదకులకు నమస్కారం.

హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా అని అందరికీ తెలుసు. మోటారు వాహనాల చట్టంలోని అదే 194డి సెక్షను మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా విధిస్తుందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. ఫోన్లో చలానా కట్టి, రసీదు చూసుకుని, అక్కడితో పీడ వదిలిందనుకుంటారు. జరిమానా పోలీసుల దగ్గరో కోర్టులోనో తీరుతుంది. ఆ అనర్హత, అంటే లైసెన్సు సస్పెన్షన్, రవాణా అధికారి ఉత్తర్వు కాబట్టి ఆ ఆఫీసులోనే తీరాలి. అతివేగం, ఎర్రలైటు దాటడం, తాగి నడపడం, నడుపుతూ ఫోను మాట్లాడటం వంటి వాటికి కనీసం మూడు నెలలు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రహదారి భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది.

సస్పెండ్ చేసే ముందు మనిషి చెప్పుకునేది వినాలి, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి అంటుంది 19వ సెక్షను. చిక్కంతా ఇక్కడే. నోటీసు లైసెన్సు మీదున్న పాత చిరునామాకు, అంటే ఎప్పుడో ఖాళీ చేసిన అద్దింటికి వెళ్తుంది. ‘డోర్ లాక్డ్’ అని కవరు మీద రాయించుకుని తిరిగొస్తుంది. సమాధానం రాలేదని ఫైల్లో రాసి సస్పెండ్ చేసేస్తారు. అప్పీలుకు ఉత్తర్వు అందిన నాటి నుంచి 30 రోజులే గడువు. అది ఏ రోజు అందిందో చెప్పే సాక్ష్యం ఆ పోస్టు కవరే, చించి పారేయకండి.

ఈలోగా బండి తీస్తే 182వ సెక్షను కింద మూడు నెలల వరకు జైలు, లేదా పదివేల జరిమానా, లేదా రెండూ. అంతకంటే పెద్ద దెబ్బ బీమాది. అనర్హత కాలంలో ప్రమాదం జరిగితే కంపెనీ బాధ్యత కాదనవచ్చు. కోర్టు చెప్పిందని బాధితుడికి చెల్లించినా, ఆ సొమ్ము బండి యజమాని దగ్గర వసూలు చేసుకుంటుంది.

మూడు నెలలు నిండాయి కదా అని ఊరుకోకూడదు. 2019 సవరణ రిఫ్రెషర్ శిక్షణ పూర్తి చేస్తేనే లైసెన్సు తిరిగివ్వాలంది. ఉత్తర్వు నకలు, చలానా లేదా కోర్టు రసీదు, శిక్షణ సర్టిఫికెట్ ఇచ్చి, రికార్డు మారిందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోవాలి. కార్డు జేబులోకి వచ్చినా రికార్డులో సస్పెన్షన్ అలాగే ఉంటే, తనిఖీలో పోలీసు చేతిలోని యంత్రానికి కనపడేది ఆ రికార్డే.

ఆర్సీ సంగతి మరీ చిత్రం. 53వ సెక్షను ప్రకారం, పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పితే నాలుగు నెలలకు మించి సస్పెండ్ చేయడానికి లేదు. కానీ బ్రేకు ఒక పక్కకు లాగుతోందనో, టైరు నున్నగా అరిగిందనో, అంటే బండి ప్రమాదకరమని సస్పెండ్ చేస్తే, లోపం సరిచేసేదాకా గడువే లేదు. ఆర్నెల్లు ఏకబిగిన అలాగే వదిలేస్తే 54వ సెక్షను కింద రిజిస్ట్రేషనే రద్దు కావచ్చు. బాగు చేయించి బిల్లులు పెట్టుకుని బ్రేకు ఇన్‌స్పెక్టరుకు చూపించాలి. చూపించడానికి రోడ్డెక్కితే అదీ నేరమే! షెడ్డు దగ్గరికే వచ్చి చూడమని అర్జీ పెట్టుకోండి, లేదా మరో బండి మీద ఎక్కించి తీసుకెళ్లండి. మూడు నెలలకోసారి పన్ను కట్టే బండైతే, తిప్పడం లేదని ముందే రాసివ్వాలి. లేకపోతే నిలబడ్డ బండికీ పన్ను పడుతూనే ఉంటుంది.

ఆన్‌లైన్ రికార్డులో బండికి ‘బ్లాక్‌లిస్ట్’ అని కనపడగానే ఆర్సీ పోయిందని కంగారుపడి ఏజెంటు చేతిలో డబ్బు పోసేవాళ్లున్నారు. అది సస్పెన్షన్ కాదు, ఆఫీసులో ఆ బండి లావాదేవీలు ఆపడమే. ఎవరు పెట్టించారో కనుక్కుని వాళ్ల బకాయి తీర్చాలి. అమ్మేసిన బండికి యాజమాన్యం మార్చే 29, 30 ఫారాలు ఇవ్వకపోతే ఈ నోటీసులన్నీ పాత యజమాని గుమ్మంలోకే వస్తాయి.

రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలకు ఒక్కటే విన్నపం. సస్పెన్షన్ ఉత్తర్వు కిందే, అది ఏ తేదీతో ముగుస్తుందో, శిక్షణ ఎక్కడో, ఏ కాగితాలు ఏ కౌంటర్లో ఇవ్వాలో మూడు వాక్యాలు తెలుగులో అచ్చు వేయండి. చలానా పడిన నిమిషంలో ఫోనుకు సందేశం పంపగలిగే ప్రభుత్వం, విచారణ నోటీసును మాత్రం తాళం వేసిన ఇంటికి పోస్టు చేసి చేతులు దులుపుకోవడం ఏమిటి?

- ఒక పాఠకుడు