షీట్లు కొనేముందు టైర్లు తడిమి చూడు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. కారు ఎనభై దాటగానే లోపల మోత మొదలవుతోందనీ, పక్కనున్నవాళ్లతో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందనీ రాశావు. సీట్లన్నీ విప్పి నేల మొదలు పైకప్పుదాకా డ్యాంపింగ్ షీట్లు, అంటే రేకు అదురును ఆపే పట్టీలు, అతికించేద్దామనుకుంటున్నట్టు కూడా రాశావు. ఆ పని వద్దనను. కాకపోతే అది చివర్లో చేసే పని. ముందే మొదలుపెడితే డబ్బూ, రెండు రోజుల శ్రమా పోయి, కారుకు బరువు పెరిగి, మోత మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది.

కారణం చెప్తాను. లోపల వినిపించేది ఒకే చప్పుడు కాదు. టైరు మోత, గాలి హోరు, ఇంజను, బేరింగు, ఎక్కడో వదులైన ప్లాస్టిక్ ముక్క, అన్నీ కలిసిన రొద అది. సమానమైన చప్పుళ్లు రెండు కలిసి వస్తున్నప్పుడు అందులో ఒకదాన్ని పూర్తిగా ఆపేసినా తగ్గేది 3 డెసిబెళ్లే (డెసిబెల్ అంటే చప్పుడు కొలత). సగానికి తగ్గిందని చెవికి అనిపించాలంటే సుమారు 10 డెసిబెళ్లు తగ్గాలి. కాబట్టి అన్నిటికన్నా గట్టిగా మోగేది ఏదో ముందు పట్టుకోవాలి. దాన్ని వదిలేసి మిగతావాటి మీద ఎంత ఖర్చుపెట్టినా నీ చెవికి తేడా తెలియదు.

పట్టుకోవడం కష్టమేం కాదు. రద్దీలేని తిన్నని రోడ్డు మీద 80లో పోతూ యాక్సిలరేటరు మీంచి కాలు తీసెయ్. వెంటనే తగ్గితే అది ఇంజనుది. అదే వేగంలో గేరు మార్చినప్పుడు శ్రుతి మారినా ఇంజనుదే. పరీక్ష కోసమని నడుస్తున్న బండిలో ఇంజను మాత్రం ఎప్పుడూ ఆపకు, స్టీరింగుకూ బ్రేకుకూ ఉండే సాయం పోతుంది. నున్నటి తారు మీద తగ్గి, కంకర తేలిన చోట పెరిగితే అది టైరుది. రోడ్డు మారినా మారకుండా, వేగంతో పాటు పెరిగే గూయ్‌మనే శబ్దమైతే చక్రం బేరింగును అనుమానించు. నెమ్మదిగా ఎడమకూ కుడికీ వంపు తిరుగు. ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు శబ్దం పెరిగితే కుడివైపు బేరింగు అయ్యే అవకాశం ఎక్కువ. బండిని జాకీతో ఎత్తి స్టాండు మీద నిలిపి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో చేత్తో సస్పెన్షన్ స్ప్రింగును పట్టుకో. పోయిన బేరింగు గరగర ఆ స్ప్రింగు ద్వారా వేళ్లకు తెలుస్తుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందకి చెయ్యి పెట్టకు. బేరింగు పోయిందని తేలితే అది శబ్దం సమస్య కాదు, భద్రత సమస్య. అదే వారం మార్పించు.

గాలి హోరును తేల్చడానికి మాస్కింగ్ టేపు చాలు. తలుపుల అంచులు కారు బాడీకి కలిసే సందులు, అద్దాల చుట్టూ, సైడ్ మిర్రర్ల మొదట్లో టేపు అంటించి అదే రోడ్డు మీద అదే వేగంలో వెళ్లిరా. నువ్వు ఎక్కిదిగే తలుపుకు బయటినుంచి ఇంకొకరు అంటించాల్సి వస్తుంది కనుక, దాన్ని వదిలేసి మిగతా తలుపులకు అంటించినా చాలు. మోత తగ్గితే తప్పు రబ్బరు బీడింగులోనో తలుపు అమరికలోనో ఉంది. తగ్గకపోతే ఇక టైర్ల దగ్గరికి రా.

టైరు మోత లోపలికి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి గాలిలో. ట్రెడ్ (టైరు రోడ్డును తాకే పైభాగం) దిమ్మెలు రోడ్డును కొట్టుకోవడం, గాడుల్లో చిక్కిన గాలి నలిగి బయటికి తన్నుకురావడం, ఇది ఎక్కువగా 800 నుంచి 1000 హెర్ట్జ్ (సెకనుకు ఇన్ని అదురులు) చుట్టూ ఉండే బుస్సుమనే రొద. సందులు, పల్చటి రేకులు, అద్దాల గుండా వస్తుంది. రెండోది ఇనుములో. చక్రం అదురు రబ్బరు బుష్‌ల మీదుగా, సస్పెన్షను మీదుగా బాడీకి ఎక్కి, నేల రేకునూ డిక్కీనీ డప్పులా మోగిస్తుంది. ఇది సుమారు 500 హెర్ట్జ్ లోపలి బూమ్. రోడ్డు అతుకు దాటినప్పుడు డొల్లగా "టోంగ్" మని మోగేది వేరే. అది టైరు లోపలి గాలి వలయం. ఆ వలయం చుట్టుకొలత సుమారు 1.6 నుంచి 1.8 మీటర్లు ఉంటుంది, అందుకే దాదాపు 190 నుంచి 215 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. మూడు మోతలకూ మూడు మందులు. నేల మీద అతికించిన షీటు రెండోదానికి పనిచేస్తుంది, మొదటిదానికి కొద్దిగా, మూడోదానికి దాదాపు ఏమీ లేదు. నేను షీట్లను చివరికి నెట్టడానికి అసలు కారణం ఇదే.

ఇప్పుడు టైరును తడుము. అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా, లోపలి అంచునుంచి బయటికి, తిరిగి బయటినుంచి లోపలికి రాయి. ఒకవైపు రాస్తే నున్నగా, ఇంకోవైపు రాస్తే రంపపు పళ్లలా తగిలితే అది టో అలైన్‌మెంటు, అంటే చక్రాలు తిన్నగా ముందుకు చూసే అమరిక, తప్పిన అరుగుదల. చుట్టుకొలత వెంట తడిమితే దిమ్మెల ముందు అంచు ఎత్తుగా, వెనక అంచు అరిగి వాలుగా ఉంటే మెట్టు అరుగుదల. టైర్లను సమయానికి మార్చి మార్చి వేయకపోతే ఇలా అవుతుంది. అక్కడక్కడ గుంటలు పడివుంటే షాకబ్జార్బర్లు నీరసించాయనో, బాలెన్సింగ్ పోయిందనో అర్థం. ఈ మూడూ హమ్మును పుట్టిస్తాయి, కొన్నిసార్లు బేరింగుదనే అనిపిస్తాయి. చేతికి సందేహంగా తగిలితే ముందూ వెనకా టైర్లను మార్చి నడిపిచూడు. శబ్దం ముందునుంచి వెనక్కి పోతే దోషం టైరుదే. బాణం గుర్తున్న టైరు తిరిగే దిశ మారకూడదు కాబట్టి వాటిని అదే పక్కన ముందుకీ వెనక్కీ మాత్రమే మార్చాలి. ముందూ వెనకా వేర్వేరు సైజులైతే అసలు మార్చకు.

ఒక్క నిరాశ ముందే చెప్తున్నాను. అలైన్‌మెంటు సరిచేయించిన మరునాడు మోత పోదు. రబ్బరు మీద అప్పటికే పడ్డ ఆకారం అలాగే ఉంటుంది. తేలికగా అరిగినవి కొన్ని వేల కిలోమీటర్లు నడిచాక సర్దుకోవచ్చు, గుంటలు పడ్డవి సర్దుకోవు. కొత్తవి వేసినప్పుడైనా కారణాన్ని సరిచేశాకే వెయ్యి. ఆ తర్వాత ప్రతి 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి రొటేషన్ చేయిస్తూ ఉండు.

టైరు పక్కగోడ మీద "డీవోటీ" (DOT) అక్షరాల వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతివి ఏడాది. 2322 అంటే 2022వ సంవత్సరం 23వ వారం. ట్రెడ్ ఇంకా ఉన్నా, పాతబడ్డ రబ్బరు గట్టిపడుతుంది. గట్టి రబ్బరు రోడ్డు గరుకును మింగదు, పైకి పంపుతుంది. గాలి ఒత్తిడి కూడా చూడు. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన పట్టీ మీద రాసిన అంకె చల్లటి టైరుకు, అంటే కొన్ని గంటలు కదలని బండికి. ఎండలో నడిచొచ్చిన వెంటనే కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు మారితే ఒక పీఎస్‌ఐ దాకా తేడా వస్తుంది. పట్టీ మీది అంకెకన్నా ఎక్కువ గాలి కొడితే టైరు బిగుసుకుని మోత పెంచుతుంది. నిశ్శబ్దం కోసమని తగ్గించడం మాత్రం వద్దు. టైరు వేడెక్కుతుంది, అంచులు అరుగుతాయి, బ్రేకు పడే దూరం పెరుగుతుంది.

కొత్త టైర్లే కొనాల్సివస్తే సైజు ముఖ్యం. వెడల్పు పెరిగేకొద్దీ, పక్కగోడ పొట్టి అయ్యేకొద్దీ మోత పెరుగుతుంది. పెద్ద అలాయ్ వీల్స్ మీద మనసు పడ్డవాళ్లు ఇది మర్చిపోతారు. కారు తయారీదారు అనుమతించిన సైజుల్లో చిన్న రిమ్ము, ఎత్తైన పక్కగోడ ఉన్నది ఎంచుకో. లోడ్ ఇండెక్స్ (మోయగల బరువు), స్పీడ్ రేటింగ్ (తట్టుకునే వేగం) తక్కువవి కాకూడదు. చక్రం మొత్తం వ్యాసం కూడా మారకూడదు, లేకపోతే స్పీడోమీటరు తప్పు చూపుతుంది. యూరప్ లేబుల్ ఉన్న టైరు మీద డెసిబెళ్ల అంకె కనిపిస్తుంది. అది ఇంజను ఆపి 80 వేగంలో టైరును దొర్లించి బయట 7.5 మీటర్ల దూరంలో కొలిచింది, నీ చెవి దగ్గర వినిపించేది కాదు. ఒక మార్గదర్శిగా తీసుకో, తీర్పుగా కాదు. లోపల పాలియురేథేన్ ఫోమ్ అతికించిన టైర్లు ఇందాక చెప్పిన డొల్ల మోతను తగ్గిస్తాయి. వాటికి పంచరైతే ఆ చోట ఫోమ్ కోసి, అతికించి, తిరిగి పెట్టాలి. పంచరు వేసేవారికి ముందే చెప్పాలి.

టైర్లూ బేరింగులూ బాగుండి, ఇంకా రొద ఉందంటే అప్పుడు సందులు వెతుకు. రేకులో ఒక్క శాతం వైశాల్యం ఖాళీగా ఉంటే, మిగతా తొంభై తొమ్మిది ఎంత బరువుగా కప్పినా ఆగేది 20 డెసిబెళ్లకు మించదు. అందుకే సందు మూయడం షీటుకన్నా ముందు పని. తలుపులో కాగితపు ముక్క పెట్టి మూసి లాగు. పట్టులేకుండా జారివస్తే అక్కడ బీడింగు ఒదగలేదు. చుట్టూ పదిచోట్లయినా ఇలా చూడు. ఎండిన రబ్బరుకు సిలికాన్ గ్రీజు పల్చగా రాయి. పెట్రోలియం గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. ఇంజను గదినుంచి లోపలికి వచ్చే వైర్ల దగ్గరి రబ్బరు తొడుగులు, నేలలోని మూతలు ఊడిపోయాయేమో చూడు. చక్రాల పైనుండే ప్లాస్టిక్ లైనర్ పగిలినా, క్లిప్పులు ఊడినా రాళ్ల దెబ్బలన్నీ నేరుగా రేకుకే తగులుతాయి. దాన్ని సరిచేయడం తేలిక, ఫలితం వెంటనే తెలుస్తుంది.

ఇక షీట్ల సంగతి. మూడు రకాల సరుకు ఉంటుంది, మూడూ ఒకే పని చేయవు.

అల్యూమినియం రేకు అంటించిన బ్యూటైల్ (జిగురు రబ్బరు) షీటు కారు రేకు అదురును ఆపుతుంది, చప్పుడును ఆపదు. 2 మిల్లీమీటర్ల మందం చాలు, చదరపు మీటరుకు 3 కిలోలకు పైగా తూగుతుంది. రేకంతా కప్పనక్కర్లేదు. చదునుగా, వంపులేకుండా ఉన్న భాగాల మధ్యలో 25 నుంచి 40 శాతం దాకా కప్పితే ప్రయోజనంలో చాలా భాగం వస్తుంది. వేలితో కొట్టి చూడు, టింగుమంటే షీటు కావాలి, టక్కుమంటే అక్కర్లేదు. తారుతో చేసిన చౌక షీట్లు ఎండకు మెత్తబడి కారతాయి, వాసన కొడతాయి. వాటి దగ్గరికి పోకు. అతికించే చోట ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో జిడ్డు తుడువు. బ్యూటైలు చల్లగా ఉంటే పట్టదు, హెయిర్ డ్రయ్యరుతో వెచ్చచేసి రోలరుతో గట్టిగా నొక్కు. షీటు పైరేకు మీది అచ్చు గీతలు చదునయ్యాయా లేదా అన్నదే గుర్తు. గాలి బుడగ మిగిలిన చోట షీటు పనిచేయదు.

గాలిలో వచ్చే రొదను ఆపేది బరువైన వినైల్ పరుపు. చదరపు మీటరుకు సుమారు 5 కిలోలు. దాని కింద మూసిన కణాల (నీరు పీల్చని) ఫోమ్ 6 మిల్లీమీటర్లు వేసి, రేకుకు తగలకుండా పరుచు. అది కూడా సందుల్లేకుండా. మూడోది, పీల్చుకునే దూది లాంటి పాలియెస్టరు ఫెల్టు. పలచటి ఫోమ్ ముక్క లోతైన బూమ్‌ను మింగదు. 200 హెర్ట్జ్ అల పొడవు 1.7 మీటర్లు, ఒక అంగుళం ఫోమ్ దానికి ఏమీ కాదు. ఫెల్టు పైశ్రుతులకే.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, వెనక చక్రాల మీది గుండ్రటి భాగాలు, డిక్కీలో స్టెప్నీ గుంట. హ్యాచ్‌బ్యాకులో డిక్కీ కారు గదిలో భాగమే కాబట్టి అక్కడినుంచే మోత వస్తుంది. తర్వాత ముందు చక్రాల వెనక నేల, ఆపై తలుపులు. పైకప్పు వానకు తప్ప టైరుకు పెద్దగా సాయం చేయదు, దాన్ని వదిలెయ్.

తలుపుల్లో అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూయకు. వాన నీళ్లు తలుపులో నిలిచి లోపలినుంచి తుప్పు పడుతుంది. తీసిన ప్లాస్టిక్ పొరను తిరిగి చుట్టూ సీలు చెయ్, లేకపోతే నీళ్లు కార్లోకి దిగుతాయి. అద్దం జారే దారిలో షీటు పెట్టకు. డిక్కీ పక్కల్లో బంపరు వెనక గాలి బయటికి పోయే రెక్కలుంటాయి, వాటిని మూస్తే తలుపులు గట్టిగా కొడితే తప్ప పడవు. నీరు పీల్చే తెరిచిన కణాల ఫోమ్ కిందెక్కడా వాడకు.

సీట్లు విప్పేటప్పుడు మాత్రం తొందరపడకు. వాటి కింద పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి. ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, కారు మాన్యువల్లో చెప్పినంతసేపు ఆగాకే వాటిని విప్పాలి. కనెక్టర్లు ఊడివుండగా ఇగ్నిషన్ వేశావంటే హెచ్చరిక దీపం వెలుగుతుంది. సీటు బోల్టులను మాన్యువల్లోని టార్కుకే (బిగింపు బలానికే) బిగించు. బెల్టు చుట్టే డబ్బాలు, పైకప్పు అంచుల్లోని కర్టెన్ ఎయిర్‌బ్యాగుల దగ్గర ఏదీ అంటించకు. ఎలక్ట్రిక్ కారైతే నారింజ రంగు కేబుళ్ల జోలికి వెళ్లకు.

ప్రతి మార్పు తర్వాత మోతను కొలిచి చూడు. ఫోన్ యాప్ అంకె అసలు విలువలో తప్పు ఉండొచ్చు, కానీ మార్పుకు ముందూ తర్వాతా తేడా చూపడానికి పనికొస్తుంది. అదే రోడ్డు, అదే వేగం, అదే గేరు, ఏసీ ఆపి, అద్దాలు మూసి, మూడుసార్లు తీసి సగటు వెయ్యి. నువ్వు నడుపుతుంటే ఫోన్ పక్కనున్నవాళ్ల చేతిలో ఉండాలి. యాప్‌లో "ఏ" (A), "సీ" (C) అని రెండు కొలతలుంటే రెండూ రాసుకో, లోతైన మోతను "సీ" ఎక్కువగా లెక్కలోకి తీసుకుంటుంది. బూమ్ ఉన్న కారులో "ఏ" అంకె తగ్గకపోయినా "సీ" అంకె తగ్గొచ్చు, అప్పుడు షీట్లు పనిచేసినట్టే. ఒకేసారి రెండు మార్పులు చేస్తే ఏది ఫలించిందో తెలియదు.

ఈ ఆదివారం నాలుగు టైర్ల మీది తేదీ అంకెలు, చల్లటి గాలి ఒత్తిడి, ఏ టైరు ఏ దిక్కున గరుకుగా తగిలిందో రాసి పంపు. టేపు పరీక్ష కూడా చేస్తే దాని ఫలితం కూడా. అది చూశాక షీట్లు ఎంత కావాలో, అసలు కావాలో లేదో కలిసి లెక్కవేద్దాం.

ఉంటాను,
నాన్న