ఎం.డి.సి. ఆవిరికి యూవీ పెట్టె ఒక్కటే చాలదు

సంపాదకులకు,

చౌటుప్పల్, పోలేపల్లి వైపు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్ల సాల్వెంట్, అంటే కరిగించడానికి వాడే ద్రవాల, వాసన మీద గొడవ లేచినప్పుడల్లా, టైటానియం డయాక్సైడ్ పూసిన యూవీ యూనిట్ బిగిస్తే సరిపోతుందనే మాట వస్తుంటుంది. పద్ధతి బూటకమేమీ కాదు. 388 నానోమీటర్ల లోపు కాంతి పడితే అనటేజ్ (టైటానియం డయాక్సైడ్‌లో ఒక స్ఫటిక రూపం) పూత మీద ఆక్సిజన్, తేమ కలిసి క్లోరిన్ సాల్వెంట్లను విరగ్గొడతాయి. చిక్కు పరిమాణంలో ఉంది.

ఇక్కడ విరివిగా వాడే క్లోరిన్ సాల్వెంట్ ఎం.డి.సి. (మిథిలీన్ డైక్లోరైడ్) 40 డిగ్రీలకే మరుగుతుంది. నల్లగొండ మే నెల ఎండే దానికి ఎక్కువ. రియాక్టర్ వెంట్‌కు (గ్యాస్ బయటికి పోయే గొట్టానికి) ఆవిరిని చల్లబరిచి ద్రవంగా మార్చే 5 డిగ్రీల చిల్డ్ వాటర్ కండెన్సర్ ఉన్నా, బయటికొచ్చే గ్యాస్‌లో దాదాపు నాలుగో వంతు ఎం.డి.సి.యే. గంటకు ఒక ఘనపు మీటరు నైట్రోజన్ వదిలితే సుమారు 1.1 కిలోలు దాంతోపాటు పోతుంది. కండెన్సర్‌కు మైనస్ 15 డిగ్రీల బ్రైన్ (గడ్డకట్టని ఉప్పునీరు) పెడితే అది కిలోలో మూడో వంతుకు దిగుతుంది.

ఇక ల్యాంపు. 365 నానోమీటర్ల కాంతి 100 వాట్లు (కరెంటు కాదు, కాంతే అంత) మొత్తం పూత మీదే పడ్డా గంటకు అందే ఫోటాన్లు (కాంతి కణాలు) 1.1 మోల్ (అణువులను లెక్కపెట్టే కొలత). అందులో పదో వంతు పనిచేస్తే గొప్పే. అంటే గంటకు విరిగేది 9 గ్రాముల ఎం.డి.సి. మాత్రమే.

తొంభై శాతం పైన తొలగించామని చూపే ప్రయోగశాల అంకెల్లో చాలావరకు ట్రైక్లోరోఇథిలీన్‌వి. దానికి ద్విబంధం ఉంది కాబట్టి, ఊడిన క్లోరిన్ పరమాణువు పక్క అణువును పట్టుకుని గొలుసుకట్టుగా చర్య నడుపుతుంది. ఎం.డి.సి., క్లోరోఫాం అంత వేగంగా విరగవు. ట్రైక్లోరోఇథిలీన్ మాయమైనా, అదంతా కార్బన్ డయాక్సైడ్ అయిపోయిందని కాదు. డైక్లోరోఅసిటైల్ క్లోరైడ్, ఫాస్జీన్ అనే విషవాయువు కూడా వస్తాయి. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా పనిచేసే చోటికి పెట్టిన ఎనిమిది గంటల సగటు పరిమితి ఎం.డి.సి.కి 25 పీపీఎం (గాలిలో పది లక్షల్లో 25 వంతులు) అయితే, ఫాస్జీన్‌కు 0.1 మాత్రమే.

మీటరు చూపి నమ్మించడం ఇంకా తేలిక. చేతిలో పట్టుకునే పీఐడీ మీటర్లలో (ఆవిరి అణువులను యూవీ కాంతితో అయనీకరించి కొలిచేవి) సాధారణంగా ఉండే 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల ల్యాంపు ఎం.డి.సి.ని గుర్తించలేదు, దాని అయనీకరణ శక్తి (అణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడగొట్టడానికి కావాల్సినది) 11.3. యూవీ యూనిట్ ఆపేసినా ఆ మీటరు సున్నాయే చూపిస్తుంది! 11.7 ల్యాంపు గానీ, గ్యాస్ క్రోమటోగ్రాఫ్ గానీ కావాలి.

కాబట్టి వరుస ఇలా ఉండాలి: ముందు బ్రైన్ కండెన్సర్, తర్వాత యాక్టివేటెడ్ కార్బన్, మిగిలిన కొద్ది పీపీఎంలకు యూవీ, చివర కాస్టిక్ స్క్రబ్బర్ (కాస్టిక్ సోడా ద్రావణంతో గ్యాస్‌ను కడిగేది). ఈ చివరిదే ఖర్చని ఎగ్గొడతారు. కిలో ఎం.డి.సి. పూర్తిగా విరిగితే 860 గ్రాముల హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, దాన్ని చంపడానికి 940 గ్రాముల కాస్టిక్ కావాలి. తేమతో కలిసిన ఆ ఆమ్లానికి 304 స్టీల్ డక్టు గుంటలు పడి చిల్లులవుతుంది, అల్యూమినియం రిఫ్లెక్టర్లు మసకబారతాయి. ఎఫ్.ఆర్.పి. (గాజు నారతో బలపరిచిన ప్లాస్టిక్) గానీ పాలీప్రొపిలీన్ గానీ వాడాలి, అదీ యూవీ నేరుగా తగలని చోటే. పూత మందంగా వేస్తే లాభం లేదు. కాంతి పై కొన్ని మైక్రాన్లు దాటదు, మిగతాది పెచ్చులూడుతుంది. వాడేకొద్దీ క్లోరిన్ అవశేషాలు పట్టి పూత మందగిస్తుంది. కొంత తేమ అవసరమే గానీ, వానాకాలపు గాలి నేరుగా పంపితే నీటి ఆవిరే పూత మీది చోటును ఆక్రమిస్తుంది.

కాలుష్య నియంత్రణ మండలి అధికారులు అనుమతి ముందు క్లోరైడ్ లెక్క అడగాలి. విరిగిన ప్రతి కిలో ఎం.డి.సి.కి స్క్రబ్బర్ ద్రవంలో 835 గ్రాముల క్లోరైడ్ పెరగాలి. నమూనాను తటస్థం చేసి సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేషన్ చేస్తే తెలిసిపోతుంది. మొదట పోసిన కాస్టిక్ ద్రావణంలో, బోరు నీళ్లలో ఉన్న క్లోరైడ్‌ను తీసివేయడం మరవొద్దు. మన బోరు నీళ్లలో అదీ తక్కువేం ఉండదు.

- కొందరు రసాయన ఇంజినీర్లు, నల్లగొండ