మన కుంట పరిరక్షణ సంఘం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నిబంధనల్లో ఉంది కాబట్టి చదువుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు, మళ్లీ మొదటినుంచీ చెప్పను. ఈ ఏడాది మన తిరుపతి కుంటలో వానలకి కప్పల సంగతి ఏమైంది, కాపలా పని ఎవరు చేశారు, చేస్తామని చెప్పి ఎవరు రాలేదు, అంతవరకే. పేర్లు మాత్రం ఎక్కడా రాయలేదు. పోయినసారి కృతజ్ఞతల్లో ఒక పేరు జారిపోయినందుకు మూడు నెలలు నాతో మాట్లాడనివాళ్లు ఈ హాల్లోనే కూర్చుని ఉన్నారు.

ముందుగా ధన్యవాదాలు. మిద్దె మీద వాన కొలిచే గాజు గొట్టం పెట్టుకోనిచ్చిన కోశాధికారి గారికి, పొద్దున్నే దాన్ని చూసి అంకె ఫోన్‌లో చెప్పిన వారి అమ్మగారికి, రాత్రి తిరిగేటప్పుడు టార్చిలైట్లు అప్పుగా ఇచ్చిన ఎలక్ట్రికల్ షాపు అన్నకు, కుంట దగ్గర మలుపులో టీ కొట్టు నడిపే దంపతులకు, మూడో వీధి పిల్లలకు, ముఖ్యంగా జంతుశాస్త్రం చెప్పి రిటైరై మన కాలనీలో స్థిరపడిన మేడమ్ గారికి. ఆవిడ లేకపోతే మనం రాసిన వాన పుస్తకం చాకలిపద్దులా ఉండేది.

వాన పుస్తకం సంగతి కొత్త సభ్యుల కోసం ఒక్క మాట. వాన పడిన రాత్రి ఇద్దరు కుంట కట్ట మీద అరగంట నిలబడాలి. వాన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, ఏ కప్ప అరిచింది, ఎక్కడ గుడ్లు కనబడ్డాయి, అంతే రాయాలి. కిందటి ఏప్రిల్‌లో జాబితా వేసినప్పుడు ఇరవై రెండు మంది చేతులెత్తారు. జూన్‌కి తొమ్మిది, ఆగస్టుకి నలుగురు. ఒకరిని పట్టుకొస్తే ఇంకొకరు జారుకుంటారు. కప్పల తక్కెడ అనే మాట పుట్టించిన మహానుభావుడు ఎక్కడో ఒకచోట తప్పకుండా కార్యదర్శిగా పనిచేసి ఉంటాడు.

పుస్తకంలో మొదటి ముఖ్యమైన పేజీ మే నెలది. ఒక సాయంత్రం ఉరుములతో మామిడికాయలు రాలే వాన పడింది. ఆ రాత్రే గోదురుకప్పలు బయటికొచ్చాయి. ఇసుక ట్రాక్టర్లు తిరిగి పడిన గాడిలో నీళ్లు నిలిస్తే అందులోనే గుడ్లు పెట్టాయి. జిగురు దారంలో నల్లపూసలు గుచ్చినట్టు బారెడు పొడుగు. నాలుగో రోజుకి గాడి నిండా ఆవగింజల్లా తోకకప్పలు. తర్వాత రోహిణి ఎండలు తెలిసిందేగా. గాడి చాపంత, పళ్లెమంత అయింది. మూడో వీధి పాప ఒకతి నాలుగు రోజులు పొద్దున్నే బకెట్‌తో నీళ్లు పోసింది. అయిదో రోజు వాళ్లు ఊరికి వెళ్లారు. నేను చూసేసరికి అడుగున నల్లటి పొర మిగిలింది. వేలితో గీరితే ఎండిన మినప్పొట్టులా లేచింది. పాప తిరిగొచ్చి అడిగితే ఏం చెప్పాలో తెలియక మేడమ్ గారి ఇంటికి తీసుకుపోయాను.

ఆవిడ చెప్పింది విన్నాకే ఈ పని మీద నాకు నిజంగా మనసు పడింది. చలి దేశాల్లో కప్పలు గుడ్లు పెట్టాలంటే మంచు కరగాలి, ఎండ రావాలి. మనలాంటి ఉష్ణదేశాల్లో వేడికి కొదవ లేదు, నీటికే కొదవ. ఏడాది పొడుగునా వానపడే అడవుల్లో ఎన్నో రకాలు ఎప్పుడంటే అప్పుడు పెడతాయట. ఎండాకాలం, వానాకాలం విడిగా ఉన్నచోట మాత్రం ఎక్కువ రకాలు వాన కోసమే కాచుకుంటాయి. కప్ప గుడ్డుకి పెంకు ఉండదు, పలచటి జిగురే. గాలి తగిలితే ఎండిపోతుంది. కప్ప కూడా నోటితో నీళ్లు తాగదు, పొట్టకింది చర్మంతో పీల్చుకుంటుంది. ఇక వాన పడగానే గుడ్లు తయారవడమనేది లేదు. ముందే పురుగూ పుట్రా తిని ఆడకప్ప కడుపులో గుడ్లు సిద్ధమై ఉంటాయి. వానతో వచ్చే తేమ, చల్లదనం, నిలిచిన నీళ్లు తలుపు తడతాయి. మగకప్ప అరుస్తుంది, ఆడకప్ప ఆ అరుపు పట్టుకుని వస్తుంది.

ఇందులో రెండు తీర్లున్నాయి. కుంటలో నీటి మీద చెంగుచెంగున పరిగెత్తే చిన్న కప్పలు నీళ్లున్నన్నాళ్లూ తీరిగ్గా అరుస్తూనే ఉంటాయి, మన పుస్తకంలో వాటి పేరు లేని నెల లేదు. రెండో రకానికి తొందర. నెలల తరబడి మట్టిలో దూరి పడుకుని, పెద్ద వానకి లేచి, రెండు మూడు రాత్రుల్లో పని ముగించుకుని పోతాయి. తొందరకి కారణం ఉంది. కొత్తగా నిండిన గుంటలో చేపలుండవు, పిల్లలకి ప్రాణభయం తక్కువ. కానీ ఆ గుంట ఎన్నాళ్లుంటుందో తెలియదు. గోదురుకప్ప పిల్లకి కాళ్లొచ్చి గట్టెక్కడానికి నెల పైనే పడుతుంది. మే నెల గాడి దానికి అన్నాళ్లు ఇవ్వలేదు.

ఇదంతా వింటున్న మన మాజీ అధ్యక్షుల వారు, ‘చిన్నప్పుడు వానల్లేకపోతే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి ఇంటింటికీ తిప్పాం. ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోసేవాళ్లు. అదంతా తప్పేనా అమ్మా?’ అని అడిగారు. ‘తప్పేముంది సార్, ఊరికి వాన రాకపోయినా ఆ కప్పకి మాత్రం నీళ్లు దక్కాయి’ అన్నారావిడ.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసిన రాత్రి. మన తిరుపతికి నైరుతి జూన్‌లో మొదలైనా కుంటలు నింపేది ఈశాన్యమే. జూన్‌లో మృగశిర వానకి బావురుకప్పలనే పెద్ద కప్పలు రెండు రాత్రులు అరిచి ఊరుకున్నాయి, కుంట సగం కూడా నిండలేదు. అక్టోబరు మధ్యలో, చిత్త కార్తెలో, చెన్నై దగ్గర తీరం దాటిన వాయుగుండం వచ్చింది. రెండు రోజులు ఆకాశం తెరిపి ఇవ్వలేదు. అంతలో ఒక రాత్రి తొమ్మిదీ ఇరవైకి వాన కాస్త తగ్గింది. తొమ్మిదీ యాభైకి కట్ట కింద మొదటి అరుపు. పదిన్నరకి మాట వినబడటం లేదు, చెవిలో అరిచి చెప్పుకున్నాం.

టార్చి వేసి చూస్తే నీళ్లలో పసుపు ముద్దలు తేలుతున్నట్టున్నాయి. మామూలుగా బురద రంగులో ఉండే మగ బావురుకప్పలు మెరిసే పసుపు రంగు తిరిగాయి. అరిచినప్పుడల్లా గొంతుకి రెండు పక్కలా నీలి శంఖుపూల రంగు సంచులు ఉబ్బుతున్నాయి. ఒకదాని మీదికొకటి దూకుతున్నాయి, నెట్టుకుంటున్నాయి. ఆడకప్పలు అదే పాత రంగులో, ఎంచుకునే హక్కు తమదే అన్నట్టు గట్టున కూర్చున్నాయి. ఆ రాత్రి కట్ట మీద గొడుగుల కింద ఇరవై ఏడు మందిమి ఉన్నాం. సంఘం పుట్టినప్పటినుంచి సమావేశానికి కూడా అంతమంది రాలేదు. కట్టపక్క రోడ్డు మీద గోదురుకప్పలు దాటుతుంటే టీ కొట్టు అన్న పాలక్యాన్లు అడ్డంపెట్టి బైకులు ఆపాడు. బావురుకప్పల పసుపు రంగు మర్నాడు పొద్దుటికే వెలిసినట్టయింది. చూడనివాళ్లకి చెబితే నమ్మడం లేదు, ఫోటోలు ఆఫీసు గోడమీద పెట్టాం.

ఒకప్పుడు ఈ బావురుకప్పల కాళ్లని విదేశాలకి ఎగుమతి చేసేవాళ్లు. 1987లో మన ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. సరిగ్గా ఆ ఏడాదే మధ్య అమెరికా దేశమైన కోస్టారికాలోని మాంటెవర్డె మేఘారణ్యంలో బంగారు రంగు గోదురుకప్పలు వందలకొద్దీ గుంటల దగ్గరకి చేరి గుడ్లు పెట్టాయట. వానలు తగ్గి గుంటలెండిపోయాయి, గుడ్లూ పోయాయి. 1989 తర్వాత ఆ జాతి ఎవరికీ కనబడలేదు. ఎండ ఒక్కటే కారణం కాదు, చర్మానికి పట్టే బూజు తెగులు పాత్ర కూడా ఉందంటారు. ఇది మేడమ్ గారు చెబుతుంటే పాప మన గాడి సంగతి గుర్తుచేసింది.

ఇప్పుడు చేదు సంగతి. ఆ అక్టోబరు రాత్రి అయిన పదకొండో రోజు, కుంట అంచు నిండా తోకకప్పలున్న వారంలో, దోమల నివారణకంటూ సంబంధిత సిబ్బంది వచ్చి గంబూసియా చేపపిల్లల్ని వదిలి, నూనెలో తడిపిన ఆయిల్ బంతులు విసిరి, ఫోటో తీసుకుని వెళ్లారు. గంబూసియా దోమపిల్లల్నే తిని ఊరుకోదు, కప్ప పిల్లల్నీ తింటుంది. మూడుసార్లు అర్జీ పెట్టాం. ఒక గదిలో ఇది మా పరిధి కాదన్నారు, పక్క గదిలో సార్ మీటింగ్‌లో ఉన్నారన్నారు, మూడోసారి పాత అర్జీ నకలు తెమ్మన్నారు. దోమలు మన కూలర్లలో, మూతల్లేని నీళ్ల ట్యాంకుల్లో పుడుతున్నాయని నేను ఇదే హాల్లో రెండేళ్లుగా మొత్తుకుంటున్నాను. అర్జీ మీద సంతకం పెట్టడానికి సభ్యుల్లో ఏడుగురే దొరికారు. కప్పల గోల రాత్రి పది తర్వాత ఆపించాలని కోరే కాగితానికి మాత్రం పదహారు సంతకాలొచ్చాయి. ఆ కాగితం నా ఫైల్లో భద్రంగా ఉంది. ఎవరికి చెప్పి ఆపించాలో రాయలేదు.

నవంబరు చివర ఫెంగల్ తుపాను వానకి కుంట నిండి మరవ పారింది. చూడ్డానికి పండగే. కానీ పైచెరువు నీళ్లొచ్చి కలవడంతో చేపలు దిగాయి, అంచున పెట్టిన కొత్త గుడ్లు చాలావరకు కొట్టుకుపోయాయి. వాన ఎక్కువైతే కప్పకి మంచిదేననే లెక్క అంత సూటిగా లేదని అప్పుడు తెలిసింది.

ఇంకొక ముచ్చట. మంచినీళ్ల తొట్టి పైన గోడకి సబ్బు నురగలాంటిది అంటుకుంటే శుభ్రత మీద శ్రద్ధ ఉన్న ఒక సభ్యురాలు చీపురుతో తుడిచేశారు. అది చెట్టుకప్ప కట్టిన నురగ గూడు. గుడ్లు అందులో ఎండిపోకుండా ఉంటాయి, పిల్లలయ్యాక కిందనున్న నీళ్లలోకి జారతాయి. తెలియక జరిగింది, ఆవిడే తర్వాత రెండు రాత్రులు కట్ట మీద కాపలాకి వచ్చారు. అలాంటివాళ్లే కావాలి.

జమాఖర్చుల పట్టిక చివరి కాగితంలో జతచేశాం. ఆడిట్ అయింది. టార్చి బ్యాటరీలకి, బ్యానరుకి, టీలకి తప్ప పెద్దగా ఖర్చు లేదు. చందా బాకీ ఉన్నవాళ్ల జాబితా చదవమని కోశాధికారి గారన్నారు, ఈసారికి వద్దన్నాను.

కార్యవర్గం తరఫున ఒకే తీర్మానం. మృగశిర మొదలు డిసెంబరు ఆఖరు దాకా కుంటలోనూ, దాని అంచున్న గుంటల్లోనూ పూడిక తీయడం, మట్టి పోయడం, బ్లీచింగ్, చేపలు వదలడం ఏవీ జరగకూడదు. పూడిక పని జనవరి నుంచి మే లోపల చేసుకోవచ్చు. కుంట నడుమ లోతు ఎంత తీసినా సరే, అంచున ఉన్న మోకాలిలోతు పల్లం మాత్రం కదపకూడదు. గుడ్లన్నీ అక్కడే పెడతాయి. దీని మీద ఈరోజే ఓటింగ్ పెడుతున్నాం. భోజనాలయ్యాక పెడితే ఎవరుంటారో నాకు తెలుసు, అందుకే ముందే.

కొత్త వాన పుస్తకం ఈ బల్ల మీద ఉంది. మొదటి పేజీలో జూన్ నెల రాత్రుల గడులు గీశాను. పాప ఇప్పటికే మూడు గడుల్లో తన పేరు రాసింది. వాళ్ల నాన్నగారు తోడు రావాలని రాసింది, ఆయనకి ఇంకా చెప్పలేదట.

కార్యదర్శి