కుందిలో రబ్బరు బ్యాండ్లు

ఉయ్యూరు,
23 అక్టోబరు 2025

చిన్నీ,

జలుబు తగ్గిందా? దీపావళి నాడు ఫోనులో గొంతు బొంగురుగా ఉంది. రెండు నిమిషాలు మాట్లాడి మీటింగుందని పెట్టేశావు, ఆ తర్వాత మళ్లీ చెయ్యలేదు. పనుంటుంది, తెలుసు. ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్న మోకాలికి నూనె రాసుకోమంటే రాసుకోరు. సత్యం బాబాయ్ వాళ్లు ఇల్లు సున్నం వేయించారు.

ఈ ఉత్తరం ముఖ్యంగా నీ సర్టిఫికెట్ల గురించి. యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొవిజనల్ సర్టిఫికెట్, అన్ని మార్కులూ ఒకేచోట ఉండే సీఎంఎం రెండూ ఇక్కడే బీరువాలో ఉన్నాయి. వాటిని లామినేషన్ చేయించకూడదు. రేపు పై చదువుకో, బయటి దేశానికో వెళ్లాలంటే సర్టిఫికెట్ వెనక ముద్ర వెయ్యాల్సి రావచ్చు, ప్లాస్టిక్ మీద ముద్ర పడదు. మూడు సెట్లు జిరాక్సులు తీయించి పంపుతున్నాను. ఒరిజినల్స్ మా దగ్గర పెట్టుకుంటామని కంపెనీవాళ్లు అడిగితే చూపించి వెనక్కి తెచ్చుకో, వదిలి రావద్దు. ఒరిజినల్ డిగ్రీకి దరఖాస్తు చేసే ముందు పదో తరగతి మెమోలో నీ పేరు, మీ నాన్న పేరు ఎలా ఉన్నాయో అక్షరం అక్షరం సరిచూసుకో. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటే పాస్‌పోర్టు దగ్గర పేచీ వస్తుంది. ఇప్పుడు దిద్దుకోవడం సులువు, పదేళ్ల తర్వాత దిద్దుకోవాలంటే కాళ్లరిగేలా తిరగాలి.

అన్నట్టు, దసరాకి బుజ్జి పిన్ని వచ్చినప్పుడు ఒక మాట అంది. చంటి నీ రూముకి వచ్చినప్పుడు చూసిందట, నువ్వు పట్టుకెళ్లిన ఇత్తడి దీపపు కుందిలో రబ్బరు బ్యాండ్లు, జడ క్లిప్పులు ఉన్నాయట. ఉంటే ఉన్నాయిలే. క్లిప్పులు ఇనుపవైతే మాత్రం తీసెయ్యి, వాటి తుప్పు ఇత్తడికి పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. చింతపండు నానబెట్టి, కాస్త ఉప్పు కలిపి తోమి, కడిగిన వెంటనే పొడిబట్టతో తుడవాలి. గాలికి ఆరనిస్తే నీటి చుక్కలున్నచోటల్లా మచ్చలు పడతాయి.

పీఎఫ్ సంగతి కనుక్కున్నావా? నీ బేసిక్‌లో 12 శాతం నీ జీతంలోంచి కోస్తారు, కంపెనీ ఇంకో 12 శాతం వేస్తుంది. కంపెనీ వేసే దాంట్లోంచి కొంత పింఛను ఖాతాకి పోతే పాసుబుక్కులో రెండు అంకెలూ సమానంగా కనిపించవు, కంగారు పడకు. పీఎఫ్‌కి ఇచ్చే యూఏఎన్ నంబరు జన్మకొకటే. ఉద్యోగం మారితే కొత్తది తీసుకోకుండా ఉన్న నంబరే ఇచ్చి డబ్బు బదిలీ చేయించుకో. అయిదేళ్లు నిండకుండా తీస్తే పన్ను పడుతుంది. నామినీ పేరు ఆన్‌లైన్లో ఈ వారమే పెట్టు. పెళ్లయ్యాక ఆ నామినేషన్ చెల్లదు, మళ్లీ కొత్తగా పెట్టాలి. పెళ్లి మాట ఎత్తుతోందని మొహం ముడుచుకోకు, రూలు చెబుతున్నానంతే.

చంటి ఇంకో మాట కూడా చెప్పిందట. నాకు ఇవేవీ నమ్మకం లేవు, ఇంటికెళ్తే పూజలో కూర్చోమంటారు, అందుకే వెళ్లబుద్ధి కావడం లేదు అన్నావట. నువ్వు అన్నావో, చంటి కలిపిందో నాకు తెలియదు. దీపావళికి రాకపోవడానికి ఆఫీసే కారణమనుకున్నాం.

చిన్నీ, ఇంట్లో ఉన్నన్నాళ్లూ సాయంత్రం ఆరయ్యేసరికి ఎవరో ఒకరు లేచి వత్తి వేసేవాళ్లు. నీకు నమ్మకం ఉందా లేదా అని ఎవరూ అడగలేదు, నిన్ను నువ్వూ ప్రశ్నించుకోలేదు. ఇప్పుడు ఆ ఆరింటికి నువ్వు క్యాబులో ఉంటావు. రూముకొచ్చేసరికి తొమ్మిది. వెలిగించాలంటే నీకంటూ ఒక కారణం ఉండాలి. చదువయ్యాక చాలామందికి ఇక్కడే పట్టు జారుతుంది. అది తప్పని నేను అనను. కాలేజీ ఆఫీసులో టీసీల కోసం నిలబడే పిల్లల్ని ఏటా చూస్తూనే ఉంటాను, దేవుడి దగ్గర్నుంచి సబ్జెక్టు దాకా అన్నీ ఒకేసారి అనుమానమొచ్చే వయసది. అలాంటప్పుడు ఫోను మానెయ్యకూడదు. అన్నం మానెయ్యకూడదు. అయినా ఆ పీజీ హాస్టల్లో మంట వెలిగించనివ్వరేమో, నేనే అడగలేదు. ఒకవేళ వెలిగిస్తే కిటికీ పరదాకి దూరంగా, నేల మీద, పళ్లెంలో పెట్టు. శానిటైజరు, జుట్టుకి కొట్టుకునే స్ప్రే దగ్గరలో ఉండకూడదు. నైలాన్ చున్నీ తీసి పక్కన పెట్టు. దీపం వెలుగుతుండగా స్నానానికి వెళ్లకు.

తాతయ్య సంగతి నీకు సగమే తెలుసు. లెక్కల మాస్టారనీ, నాస్తికుడనీ తెలుసు. నాస్తికోద్యమం నడిపిన గోరాగారు 1940లో నాస్తిక కేంద్రం మొదలుపెట్టింది మన పక్కనున్న ముదునూరులోనే కదా. 1947లో అది విజయవాడ పటమటకి మారింది. ఉద్యోగంలో చేరాక తాతయ్య ఆదివారాలు సైకిలు మీద అక్కడికి వెళ్లేవారు. నమ్మకం లేదని రాసినందుకు గోరాగారికి కాకినాడలో కాలేజీ ఉద్యోగం పోయింది, అయినా ఆయన దాచుకోలేదు, నేనెందుకు దాచాలి అనేవారు. పెళ్లిచూపుల్లోనే నాయనమ్మతో చెప్పేశారట, నేను గుడికి రాను, నువ్వు వెళ్తే ఆపను అని.

నువ్వు పుట్టిన ఏడు, 2004లో, నాయనమ్మకి రెండు కళ్లకీ శుక్లాలు ముదిరాయి. కార్తీక పౌర్ణమికి 365 వత్తులు ఆవిడే చేసుకునేది, ఆ ఏడు చూపు ఆనలేదు. కొట్లో కట్ట కొనుక్కొచ్చారు. తాతయ్య ఊరుకోక విప్పి లెక్కపెడితే 312 ఉన్నాయి. అక్కడ మొదలైంది. అసలు 365 ఏమిటి, అది సూర్యుడి లెక్క, మీ పండగలన్నీ చంద్రుడి లెక్క కదా అన్నారు. చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులు, అధిక మాసం వస్తే 384. ఆ ఏడు అధిక శ్రావణం వచ్చింది. పంచాంగం, క్యాలెండరు పక్కపక్కన పెట్టుకుని వేళ్లు మడిచి లెక్కగట్టారు. కిందటి పౌర్ణమి 2003 నవంబరు 8, ఆ ఏటిది 2004 నవంబరు 26. సరిగ్గా 384 రోజులు. రోజుకొక వత్తి అని నువ్వే అంటావు, మరి ఈ పందొమ్మిది రోజుల సంగతేమిటి అని నాయనమ్మని అడిగారు. ఆవిడ, అయితే మీరే చెయ్యండి అంది.

చేశారు. రోజుకి 24 చొప్పున 16 రోజులు. పెరటి చెట్టు పత్తి కోసి, ఎండబెట్టి, గింజలు తీసి, వేళ్లకి విభూతి అద్దుకుని. విభూతి అద్దుకోనని మొదటి రోజు పంతం పట్టారు, చేతి చెమటకి పత్తి సాగక రెండో రోజుకి ఆయనే అడిగి తెచ్చుకున్నారు. ముందు చేసినవి తాడు పేనినట్టు గట్టిగా వచ్చాయి, వెలిగించి చూస్తే అయిదు నిమిషాలకే కొండెక్కాయి. వత్తి బిగిస్తే నూనె పైకి పాకదు, మరీ వదులుగా ఉంటే భగ్గున మండి అయిపోతుంది. నాయనమ్మ కళ్లు మూసుకునే ఒక్కొక్క వత్తినీ రెండు వేళ్ల మధ్య నలిపి, ఇది ఉంచండి, ఇది విప్పండి అనేది. పత్తిలో తడి ఉన్నా చిటపటమని ఆరిపోతుంది, అందుకని కట్టలన్నీ మధ్యాహ్నం పూట ఎండలో పెట్టేవారు. 24 వత్తులకో దారం, 16 కట్టలు. ముందురోజు రాత్రే కరిగించిన నెయ్యిలో నానేశారు. కొత్త మట్టి మూకుడు ఒక రాత్రంతా నీళ్లలో ఉంచి తుడిచి ఆరబెట్టారు, లేకపోతే నెయ్యంతా అదే తాగేస్తుంది. పౌర్ణమి సాయంత్రం తులసికోట దగ్గర నాయనమ్మ వెలిగించింది. అన్ని వత్తులు ఒక్కసారి అంటుకుంటే మంట మూరెడు లేస్తుంది. తాతయ్య పెద్ద స్టీలు పళ్లెం పట్టుకుని పక్కన నిలబడ్డారు, అదుపు తప్పితే బోర్లించడానికి. మండే నెయ్యి మీద నీళ్లు పొయ్యకూడదు, ఎగిరి మీద పడుతుంది. నువ్వు పొత్తిళ్లలో ఉన్నావు. తాతయ్య ఆరోజూ చేతులు జోడించలేదు. ఆవిడ జోడించమనీ అనలేదు. ఆ తర్వాత ఆపరేషనై కళ్లు బాగయ్యాక కూడా ఆయన పోయేదాకా వత్తులు ఆయనే చేశారు, ఏటికేడు రోజులు లెక్కగట్టి.

కాబట్టి మన ఇంట్లో నమ్మకం లేనివాళ్లకి చోటు లేదని చంటితో అని ఉంటే, అది నిజం కాదు. పోలి కథ గుర్తుందా? అత్తగారు నదికి తీసుకెళ్లకపోతే పోలి కవ్వానికి అంటిన వెన్నతో, చెట్టు కింద రాలిన పత్తితో దీపం పెట్టి, ఎవరికీ కనిపించకుండా పైన బుట్ట బోర్లించింది. చిన్నప్పుడు నువ్వు ప్రతిసారీ, బుట్ట కాలిపోదా అమ్మా అని అడిగేదానివి. అత్తగారికి భయపడి పోలి దీపం దాచుకుంది. నువ్వు దీపం పెట్టడం లేదన్న సంగతి మాకు భయపడి దాచుకుంటున్నావేమోనని నాకు నిద్ర పట్టడం లేదు. మేమేమన్నా అలా ఉన్నామా? ఉంటే చెప్పు. పూజలో కూర్చోనంటే వంటింట్లో కూర్చో. పళ్లెం పట్టుకునే మనిషి ఎలాగూ కావాలి, మీ నాన్న మోకాలితో వంగలేరు.

పౌర్ణమి నవంబరు 5, బుధవారం. గురునానక్ జయంతి కూడా, సెలవు ఇస్తారేమో అడుగు. రైలు దొరక్కపోతే తత్కాల్ ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి తెరుస్తారు. నీ ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ జోడించి ఉందో లేదో ఇప్పుడే చూసుకో, లేకపోతే తత్కాల్ ఇవ్వదు. రాత్రి బస్సైతే ఒంటిగంటకి దిగే బస్సు ఎక్కకు, తెల్లవారి దిగేదే చూసుకో. మీ నాన్న బస్టాండుకి వస్తారు. రాలేనంటే రాలేనని చెప్పు, ఏమీ అనను, కానీ చెప్పు.

కిందటేడు పౌర్ణమి నవంబరు 15. అక్కణ్ణుంచి ఈ 5కి 355 రోజులు. ఇవాళ్టికి 260 వత్తులు అయ్యాయి.

స్పీడ్ పోస్టులో జిరాక్సులతో పాటు ఒక చిన్న స్టీలు డబ్బా పెట్టాను, నీ రబ్బరు బ్యాండ్లకీ క్లిప్పులకీ. కుంది వాడినా వాడకపోయినా అవి మాత్రం అందులో వేసుకో. మూత బిగుతు, గోరుతో లాగకు, చెంచా కాడ పెట్టి ఎత్తు.

మీ అమ్మ